రిపోర్టులో ఏడాదికి 15.2 శాతం, నాన్న డైరీలో మొత్తం కలిపి లక్షా నలభై వేలు. ఏది నమ్మాలి?

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్న ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులోంచి 5 లక్షలు ఒక ఫ్లెక్సీ క్యాప్ ఫండ్‌లో, అంటే చిన్నా పెద్దా కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టారు, తెలిసినవాళ్లు పరిచయం చేసిన డిస్ట్రిబ్యూటర్ (ఫండ్లు అమ్మే మధ్యవర్తి) ద్వారా. యూనిట్లు 2021 మార్చి 31న వచ్చాయి, అప్పుడు ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, 50 రూపాయలు. అది బాగానే పెరిగింది. ఆ ధైర్యంతోనే నిరుడు ఊరి బయట స్థలం అమ్మితే వచ్చిన 20 లక్షలు కూడా 2024 సెప్టెంబర్ 30న అదే ఫండ్‌లో ఒకేసారి పెట్టేశారు. ఆ రోజు ఎన్‌ఏవీ 100. ఆ తర్వాత మార్కెట్ పడిన సంగతి మీకూ తెలుసు.

ఈ వారం డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి పోర్ట్‌ఫోలియో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ వచ్చింది, 2025 మార్చి 28 నాటి లెక్కలతో, 11 పేజీలు. మొదటి పేజీలోనే పెద్ద ఆకుపచ్చ అంకెల్లో 15.2 శాతం, పక్కన "వార్షిక రాబడి" అని ఉంది. దాని కిందే పెట్టుబడి 25,00,000, ప్రస్తుత విలువ 26,40,000 అని కూడా ఉంది. నాన్న తన ఎల్‌ఐసీ డైరీ తీసి, ఆ రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి, గీత గీసి, ఎర్ర పెన్నుతో 1,40,000 అని వేసి, డైరీ నా ముందుకు జరిపారు. "ఏడాదికి పదిహేను శాతమైతే ఆ డబ్బేదమ్మా?" అన్నారు. నాకు ఏం చెప్పాలో పాలుపోలేదు.

ఇంకో పక్క ఆయనే ఇంకో లెక్క కూడా వేశారు. ఆ 20 లక్షలు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేసి ఉంటే 8.2 శాతం చొప్పున ఆర్నెల్లకే 82 వేలు చేతికొచ్చేవి అని. అప్పటి నుంచి సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే "సార్, రిపోర్ట్ సిస్టమ్ నుంచి వస్తుంది, తప్పు ఉండదు" అని పెట్టేశాడు.

నా ప్రశ్న ఒక్కటే, ఈ 15.2 అబద్ధమా? మమ్మల్ని మోసం చేశారా? డబ్బు మొత్తం తీసేయమంటారా?


బ్యాక్‌ఆఫీస్_పదేళ్లు:

అమ్మా, ముందు మీ నాన్నగారిని భోజనం చేయమని చెప్పండి. ఆయన డైరీలో లెక్క నూటికి నూరుపాళ్లు కరెక్ట్. రిపోర్టులో ఉన్న 15.2 కూడా తప్పు కాదు. కాకపోతే అది ఫండ్ గురించి చెప్పే అంకె, డైరీలోది మీ డబ్బు గురించి చెప్పే అంకె. నేను హైదరాబాద్‌లో ఇలాంటి స్టేట్‌మెంట్లు తయారుచేసే ఆఫీసులో పదేళ్లు పనిచేశాను, సరిగ్గా ఇదే ప్రశ్నతో వారానికి నాలుగు ఫోన్లు వచ్చేవి, మాకు రాసిచ్చిన జవాబు మాత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

ఎన్‌ఏవీ 50 నుంచి మొదలై 100కి వెళ్లి, ఇప్పుడు 88 దగ్గర ఉండాలి. మీ యూనిట్లతో లెక్కేస్తే అంతే వస్తుంది. అంటే నాలుగేళ్లలో 1.76 రెట్లు అయింది. దాన్ని ఏడాదికి ఇంత చొప్పున అని చక్రవడ్డీ లెక్కలో పంచితే 15.2 వస్తుంది. ఆ ఫండ్‌లో ఆ రోజు 500 రూపాయలు పెట్టినవాడికీ, 5 కోట్లు పెట్టినవాడికీ ఇదే అంకె. మధ్యలో ఎవరు ఎంత తెచ్చి కలిపారు, ఎంత తీసుకెళ్లారు అనేది ఇందులో ఎక్కడా కనపడదు. దీన్ని టైమ్ వెయిటెడ్ రిటర్న్ అంటారు. ఫండ్ మేనేజర్ పనితనం చూడాలంటే ఇదే చూడాలి, ఎందుకంటే మీరు స్థలం ఎప్పుడు అమ్ముతారో అతని చేతిలో లేదు కదా. 50 లక్షలు, ఆ పైన పెట్టేవాళ్ల డబ్బు విడిగా నడిపే పీఎంఎస్‌లకు కూడా తమ పనితీరు ఈ పద్ధతిలోనే చూపించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2020లో రూల్ పెట్టింది. కాబట్టి ఈ లెక్కలో దొంగతనం ఏమీ లేదు.

ఇప్పుడు మీ డబ్బు దగ్గరికి వద్దాం. ఒక కాగితం మీద రెండు లాట్లుగా రాయండి, రెండూ కలిపేయొద్దు. మొదటి 5 లక్షలకి 50 చొప్పున 10,000 యూనిట్లు. ఇవాళ 88 చొప్పున వాటి విలువ 8 లక్షల 80 వేలు, అంటే లాభం 3 లక్షల 80 వేలు. రెండోది, 20 లక్షలకి 100 చొప్పున 20,000 యూనిట్లు. వాటి విలువ ఇవాళ 17 లక్షల 60 వేలు, నష్టం 2 లక్షల 40 వేలు. ఆ లాభంలోంచి ఈ నష్టం తీసేస్తే మీ నాన్నగారు ఎర్ర పెన్నుతో వేసిన లక్షా నలభై వేలే మిగులుతుంది.

చూశారా, 15.2 శాతం నిజంగానే వచ్చింది, కానీ ఆ మొదటి ఐదు లక్షల మీదే వచ్చింది. పెద్ద మొత్తం వచ్చి చేరాక ఫండ్ 12 శాతం పడింది. చిన్న మొత్తం మీద పెద్ద లాభం, పెద్ద మొత్తం మీద చిన్న నష్టం. శాతాల్లో మొదటిది గెలుస్తుంది, రూపాయల్లో దాన్ని రెండోది చాలావరకు మింగేస్తుంది.

ఈ తేదీలూ మొత్తాలూ అన్నీ లెక్కలోకి తీసుకునే అంకె ఇంకొకటి ఉంది, ఎక్స్‌ఐఆర్‌ఆర్ అంటారు. మీ రిపోర్టులో లోపలెక్కడో చిన్న అక్షరాల్లో ఉండి తీరాలి, చూడండి. నా లెక్క ప్రకారం నాలుగున్నర దరిదాపుల్లో ఉంటుంది. మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు అది.


సిప్_శ్రీకాకుళం:

అన్నా, నాది చిన్న డౌటు, ఇక్కడే అడిగేస్తున్నా. నేను నెలకి 10,000 చొప్పున 36 నెలలు సిప్ కట్టాను, మొత్తం 3,60,000. ఇప్పుడు 4,10,000 ఉంది. యాప్‌లో 13.9 శాతం అని చూపిస్తోంది. ఏడాదికి పద్నాలుగు అంటే మంచిదే కదా అని ఇంట్లో కూడా చెప్పేశాను. ఇది కూడా అలాంటిదేనా?


బ్యాక్‌ఆఫీస్_పదేళ్లు:

తమ్ముడూ, అది ఏడాదికి కాదు, మొత్తానికి. యాబ్సల్యూట్ రిటర్న్ అంటారు, అంటే లాభాన్ని పెట్టుబడితో భాగించడమే, దానికి కాలంతో సంబంధం లేదు. పదేళ్లలో 13.9 వచ్చినా, పది రోజుల్లో వచ్చినా అంకె ఒక్కటే. నీ మొదటి వాయిదా 36 నెలలు ఉంది, చివరిది నెల మాత్రమే ఉంది, సగటున చూస్తే ఏడాదిన్నర. ఆ తేదీలతో వేస్తే నీది ఏడాదికి 8.6 శాతం చుట్టూ వస్తుంది. చెడ్డదేం కాదు, కానీ పద్నాలుగు మాత్రం కాదు.

యాప్‌లో ఆ అంకె మీద నొక్కితే చాలా వాటిల్లో ఎక్స్‌ఐఆర్‌ఆర్‌కి మారుతుంది, నొక్కి చూడు.


తెనాలి_అమ్మాయి:

బ్యాక్ ఆఫీస్ గారూ, తొమ్మిదో పేజీలో టేబుల్ చివరి గడిలో ఉందండీ! 4.51 అని. బూడిద రంగులో, అద్దాలు పెట్టుకుంటే తప్ప నాన్నకి కనపడనంత చిన్నగా. మీరు రిపోర్టు చూడకుండానే చెప్పేశారు.

కానీ నేను సొంతంగా వేసి నాన్నకి చూపించాలనుకుంటున్నాను, లేకపోతే "అదీ సిస్టమ్ నుంచే వచ్చిందేగా" అంటారు. ఫోన్‌లో షీట్ తెరిచి తేదీలూ డబ్బులూ వేసి ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా కొడితే ఎర్రర్ వస్తోంది. నాలుగుసార్లు చేశాను.


బ్యాక్‌ఆఫీస్_పదేళ్లు:

రెండు చోట్ల చూడండి. మీ జేబులోంచి వెళ్లిన డబ్బు ముందు మైనస్ గుర్తు ఉండాలి. అంటే మైనస్ 5,00,000, మైనస్ 20,00,000. చివరి వరుసలో ఇవాళ్టి విలువ 26,40,000 మైనస్ లేకుండా. అది ఇవాళ మొత్తం తీసేసుకుంటే వచ్చే డబ్బు అన్నట్టు. అన్నీ ప్లస్‌లో ఉంటే డబ్బు వెళ్లిందో వచ్చిందో షీట్‌కి తెలియదు, ఎర్రరే వస్తుంది.

రెండోది తేదీలు. ఫోన్‌లో షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే నెల ముందు, రోజు తర్వాత. మీరు 31-03-2021 అని కొడితే 31వ నెల ఉండదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాలనుకుంటుంది. తేదీ గడిలో ఎడమ పక్కకి అతుక్కుని ఉంటే అదే జబ్బు, కుడి పక్కన ఉండాలి. సెట్టింగ్స్‌లో దేశాన్ని ఇండియాగా మార్చి మళ్లీ కొట్టండి. ఎర్రర్ వచ్చింది కాబట్టి మీరు అదృష్టవంతులే. ఏప్రిల్ 5న కొని 05-04 అని కొట్టినవాళ్లకి షీట్ దాన్ని మే 4 అనుకుని నోరెత్తకుండా తప్పు జవాబు ఇచ్చేస్తుంది.

ఇంకొకటి, ఫండ్ ఖర్చులు ఇందులోంచి మళ్లీ తీసేయొద్దు. ఎన్‌ఏవీ అనేది ఖర్చులు పోగా మిగిలిందే.


రాజమండ్రి_ఏఆర్‌ఎన్:

నేను డిస్ట్రిబ్యూటర్‌ని. మా వైపు మాట కూడా ఒకటి చెప్పాలి, తప్పు మాది ఎక్కడుందో అదీ చెప్తాను.

ఈ రిపోర్టులు మేం చేత్తో రాసేవి కావు, సాఫ్ట్‌వేర్ తీసిచ్చేవే. కానీ ఏ అంకె మొదటి పేజీలో ఉండాలి, ఏది తొమ్మిదో పేజీకి పోవాలి అనేది చాలా సాఫ్ట్‌వేర్లలో మేమే పెట్టుకోవచ్చు. "సిస్టమ్ నుంచి వస్తుంది" అని ఫోన్ పెట్టేయడం నాకు నచ్చలేదు. నేను మూడేళ్ల కింద మార్చాను. మొదటి పేజీలో పెట్టిన డబ్బు, తీసుకున్న డబ్బు, ఇవాళ్టి విలువ, ఎక్స్‌ఐఆర్‌ఆర్, పక్కనే అవే తేదీల్లో ఇండెక్స్‌లో (నిఫ్టీ లాంటి మార్కెట్ సూచీలో) పెట్టి ఉంటే ఎంతయ్యేది, ఇంతే. మార్చాక ఇద్దరు క్లయింట్లు వెళ్లిపోయారు, అయినా వెనక్కి మార్చలేదు.

ఎక్స్‌ఐఆర్‌ఆర్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. లక్ష పెట్టిన 20 రోజులకి లక్షా మూడు వేలైతే ఎక్స్‌ఐఆర్‌ఆర్ 71 శాతం చూపిస్తుంది, ఎందుకంటే అదే వేగం ఏడాదంతా ఉంటుందని లాగి చెప్తుంది. అలా ఎవరికీ ఉండదు. పెట్టి ఏడాది నిండని డబ్బుకి ఉత్త లాభనష్టం చూసుకోవాలి, శాతాన్ని ఏడాదికి సాగదీయకూడదు.

ఇంకా పెద్ద సంగతి, రిపోర్టు ఏ రోజుతో ఆగిందో చూడాలి. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. ఆ నెలాఖరు రిపోర్టుల్లో అందరికీ ఎరుపే. మా దగ్గర ఒక పెద్దాయన ఐదేళ్ల సిప్ మైనస్ చూసి మొత్తం తీసేసుకున్నారు, నేను రెండుసార్లు ఇంటికెళ్లి చెప్పినా వినలేదు. నాలుగు నెలలాగి ఉంటే ఆయన రిపోర్టు రంగే వేరుగా ఉండేది.

మీ నాన్నగారి విషయంలో ఇది తిరగబడింది. మీ ఫండ్‌కి 2024 సెప్టెంబర్ 30తో ఆపి రిపోర్టు తీసి ఉంటే మొదటి పేజీలో 21.9 శాతం కనపడేది. మూడున్నరేళ్లలో రెట్టింపు కదా. ఆ 20 లక్షలు పెట్టించేటప్పుడు ఆయనకి చూపించింది ఆ కాగితమే అయ్యుంటుందని నా అనుమానం. ఇంట్లో పాత రిపోర్టు ఉంటే తీసి చూడండి.


కరీంనగర్_రవ్వంత:

మా అమ్మది దీనికి పూర్తిగా ఉల్టా కేసు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్న. అమ్మ పేరు మీద 6 లక్షలు ఉండె. రిపోర్టుల విలువ 5 లక్షల 82 వేలు, మైనస్ 3 శాతం, ఎర్ర రంగు. అమ్మ మూడు రోజులు ఏడ్చింది, నాన్న పోయినంక వచ్చిన పైసలవి.

తీరా నేను బ్యాంకుకు పోయి పాస్‌బుక్ ప్రింట్ కొట్టిస్తే, మూడేళ్ల నుంచి ఆ ఫండ్ నుంచే అప్పుడింత అప్పుడింత పైసలు పడుతున్నయి. మొత్తం లక్షా 26 వేలు. అమ్మది ఐడీసీడబ్ల్యూ ఆప్షన్ అట, 2021 ఏప్రిల్‌కు ముందు డివిడెండ్ అని పిలిచిందే. బ్యాంకుల పడ్డ పైసలు ఆ రిపోర్టు లెక్కల్నే లేవు. అవి కలిపితే అమ్మకు లక్షా ఎనిమిది వేలు లాభం. మూడు రోజులు ఉత్తగనే ఏడ్చింది.

కాబట్టి మీది లాభం ఫండ్‌లనే ఉండే గ్రోత్ ఆప్షనా, అప్పుడప్పుడు చేతికి పంచే ఐడీసీడబ్ల్యూనా అన్నది స్కీమ్ పేరు చివర ఉంటది, ముందు అది చూడండి.


తెనాలి_అమ్మాయి:

మాది గ్రోత్ అండీ, చూశాను. మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. ఇప్పుడు ధైర్యంగా ఉన్నారని అనుకుంటున్నాను.

షీట్ పనిచేసింది! దేశం మార్చి, మైనస్‌లు పెట్టాక 4.51 వచ్చింది. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చేతే అంకెలు కొట్టించాను. రెండు లాట్ల లెక్క డైరీలో తనే మళ్లీ వేసుకున్నారు. వేసి, "అయితే ఆ పదిహేను నా ఐదు లక్షలదన్నమాట" అన్నారు. ఆ మాట అన్నాక మనిషి కాస్త తేలికపడ్డారు.

రాజమండ్రి గారూ, మీ అనుమానం నిజమే. ఫైల్లో అక్టోబర్ మొదటి వారం నాటి రిపోర్టు దొరికింది, ఆకుపచ్చలో 21.9 ఉంది. అది డబ్బు పెట్టాక వచ్చిందే, కానీ అంతకు ముందు జులైలో వచ్చిన దాంట్లో కూడా ఇరవై పైనే ఉంది. దాని మీద నాన్న పెన్నుతో చుట్టూ సున్నా చుట్టి ఉంది.

ఇప్పుడు ఇంకొక ప్రశ్న. రిపోర్టులో "బెంచ్‌మార్క్‌ను మించిన ప్రదర్శన" అని ఒక బార్ చార్ట్ ఉంది. ఫండ్ 15.2, దాంతో పోల్చిన నిఫ్టీ 12.5. దీన్ని నమ్మవచ్చా?


బ్యాక్‌ఆఫీస్_పదేళ్లు:

ఆ చార్టులో రెండు చిక్కులున్నాయి, నిదానంగా చదవండి.

ఒకటి, అక్కడ వాడింది ఉత్త నిఫ్టీ అయ్యుంటుంది. 2021 మార్చి 31న 14,690, 2025 మార్చి 28న 23,519, ఏడాదికి పన్నెండున్నర, సరిపోయింది. కానీ ఆ అంకెల్లో కంపెనీలు పంచిన డివిడెండ్లు లేవు. ఫండ్ ఎన్‌ఏవీలోకి ఆ డివిడెండ్లు వచ్చి చేరతాయి. ఒకరికి జీతంతో పాటు బోనస్ కూడా లెక్కేసి, ఇంకొకరికి జీతమే లెక్కేసి ఎవరు ఎక్కువ సంపాదించారు అంటే ఎలా? అందుకే డివిడెండ్లు కూడా కలిసిన టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తోనే, అంటే టీఆర్‌ఐతోనే పోల్చాలని సెబీ 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్ కంపెనీలకి తప్పనిసరి చేసింది. డిస్ట్రిబ్యూటర్ సాఫ్ట్‌వేర్లలో మాత్రం పాత పద్ధతి ఇంకా కనపడుతూనే ఉంటుంది. పైగా మీది ఫ్లెక్సీ క్యాప్, పోల్చాల్సింది 500 కంపెనీల ఇండెక్స్‌తో. మీ స్కీమ్ ఫ్యాక్ట్‌షీట్‌లో బెంచ్‌మార్క్ పేరు ఉంటుంది, పేరు చివర టీఆర్‌ఐ అనే మూడక్షరాలు ఉన్నాయో లేదో చూడండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇండెక్స్‌ని కూడా మీ తేదీలతోనే, మీ మొత్తాలతోనే నడిపించి చూడాలి. నాకు నోటికున్న అంకెలు నిఫ్టీ 50వి కాబట్టి దాంతోనే వేస్తున్నా. 5 లక్షలు 14,690 దగ్గర పెడితే ఇవాళ 8 లక్షలు. 20 లక్షలు 2024 సెప్టెంబర్ 30న 25,811 దగ్గర పెడితే ఇవాళ 18 లక్షల 22 వేలు. మొత్తం 26 లక్షల 22 వేలు పైన. ఎక్స్‌ఐఆర్‌ఆర్ 4 శాతం దగ్గర. దీనికి డివిడెండ్లు ఏడాదికి ఒక శాతం పైచిలుకు కలిపితే, మీ ఫండ్ 26 లక్షల 40 వేలతో సమానం అవుతుంది, కాస్త దాటుతుంది కూడా.

అంటే ఫండ్ చెడ్డది కాదు, గొప్పగా మించిపోయిందీ లేదు. మీకు దెబ్బ తగిలింది ఫండ్ వల్ల కాదు. అరవై దాటిన మనిషి, స్థలం అమ్మిన డబ్బు మొత్తం, ఒకే రోజున, ఈక్విటీలో, అంటే షేర్లలో. ఇది పదకొండు పేజీల రిపోర్టులో ఎక్కడా రాయరు. ఆ డబ్బులో వచ్చే నాలుగైదేళ్లలో ఎంత అవసరం పడుతుంది, ఆరోగ్యానికి ఎంత పక్కన పెట్టాలి, ఇది అడగకుండా 20 లక్షలకి చెక్ రాయించుకున్నారంటే నాకు బాధగా ఉంది. కనీసం ఒడిదుడుకులు తక్కువుండే లిక్విడ్ ఫండ్‌లో పెట్టి నెలకింత చొప్పున మార్చే ఎస్‌టీపీ అయినా చెప్పి ఉండాల్సింది. దాంతో లాభం ఖాయమని కాదు, ఇలా ఒక్క రోజు ధర మీద ఆధారపడకుండా ఉండేది.

మీరు డిస్ట్రిబ్యూటర్ రిపోర్టు మీదే ఆధారపడక్కర్లేదు కూడా. పాన్ నంబర్ మీద అన్ని ఫండ్ కంపెనీలదీ కలిపి క్యాస్ అనే స్టేట్‌మెంట్ ఉచితంగా మెయిల్‌కి వస్తుంది. చెన్నైలో ఉన్న క్యామ్స్, మన హైదరాబాద్‌లో ఉన్న కేఫిన్‌టెక్, ఈ రెండింటి దగ్గరే అసలు రికార్డంతా ఉంటుంది. వాళ్ల సైట్‌లోకి వెళ్లి అడిగితే పాస్‌వర్డ్‌తో పీడీఎఫ్ పంపిస్తారు. అందులో ప్రతి లావాదేవీ తేదీ, ఎన్‌ఏవీ, యూనిట్లు ఉంటాయి. సెప్టెంబర్‌కీ మార్చికీ వచ్చే ఆర్నెల్ల క్యాస్‌లో ఇంకొక గడి ఉంటుంది, మీ డిస్ట్రిబ్యూటర్‌కి ఫండ్ కంపెనీ ఎంత కమిషన్ ఇచ్చిందో రూపాయల్లో. డైరెక్ట్ ప్లాన్ (మధ్యవర్తి లేకుండా కొనేది) ఖర్చు ఎంత, రెగ్యులర్ ప్లాన్ (మధ్యవర్తి ద్వారా కొనేది) ఖర్చు ఎంత అనేది కూడా పక్కనే ఉంటుంది. కమిషన్ తీసుకోవడం తప్పు కాదు, పని చేస్తే తీసుకోవాలి. కానీ ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అంకె మీకు తెలిసి ఉండాలి.

క్యాస్‌తో రిపోర్టుని పోల్చేటప్పుడు స్విచ్‌లు ఉన్నాయేమో కూడా చూడండి. మా ఆఫీసులో ఎక్కువ గొడవలు దాని మీదే వచ్చేవి. ఒకాయన 2 లక్షలు పెడితే 3 లక్షలయింది, దాన్ని ఇంకో స్కీమ్‌కి మార్చారు. రిపోర్టులో పెట్టుబడి 3 లక్షలు అని పడింది, లక్ష లాభం కళ్ల ముందే మాయమైపోయింది. ఆ కొత్త స్కీమ్ కొంచెం పడగానే ఆయనకి నష్టం కనపడింది, జేబులోంచి పెట్టింది మాత్రం రెండే.


రాజమండ్రి_ఏఆర్‌ఎన్:

పైన రాసిందానికి నాకు అభ్యంతరం ఏమీ లేదు. ఆ 20 లక్షల విషయంలో మా వృత్తివాడిది తప్పే.

ఒక్కటి మాత్రం కలుపుతాను. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు "ఎందుకు మోసం చేశావ్" అని మొదలుపెట్టకండి, మాట అక్కడే తెగిపోతుంది. "మా నాన్న డబ్బులో ఎంత ఈక్విటీలో ఉండాలని మీరు అనుకున్నారు, ఏ లెక్కన" అని అడగండి, మెయిల్లో రాసి పంపమనండి. రాసి పంపాలి అనగానే సమాధానం జాగ్రత్తగా వస్తుంది.


తెనాలి_అమ్మాయి:

నిన్న నాన్నా నేనూ కలిసి డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్లొచ్చాం. క్యాస్ ప్రింట్ తీసుకెళ్లాం. నాన్న డైరీ కూడా పట్టుకొచ్చారు, నేను వద్దన్నా వినలేదు.

ఆయన మొదట మళ్లీ ఆ ఆకుపచ్చ పేజీయే తెరిచాడు. నాన్న తొమ్మిదో పేజీ తిప్పి, 4.51 మీద వేలు పెట్టి, "ఇది నాది కదా బాబూ, మరి దీన్ని ఇక్కడెందుకు పెట్టావ్?" అని మెల్లగా అడిగారు. కోపంగా కూడా కాదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సెప్టెంబర్‌లో మార్కెట్ ఊపు చూసి ఒకేసారి పెట్టించానని, విడతలుగా చెప్పాల్సిందని ఒప్పుకున్నాడు. మెయిల్లో రాసి పంపుతానన్నాడు. ఇంకా రాలేదు, రేపు గుర్తుచేస్తాను.

మేం అనుకున్నది ఏంటంటే, మొత్తం తీసేయడం లేదు. నాన్నకి మోకాలి ఆపరేషన్ ఉంది, దానికీ ఇంటి ఖర్చుకీ కలిపి 8 లక్షలు మాత్రం తీసి సీనియర్ సిటిజన్ స్కీమ్‌లోనూ బ్యాంకులోనూ వేద్దామని. మిగిలింది అలాగే ఉంచుతాం. నష్టంలో ఉన్న రెండో లాట్‌లోంచి తీయమని చెప్పొచ్చా? లాభంలో ఉన్న పాత యూనిట్లు ముట్టుకోవడం నాన్నకి ఇష్టం లేదు.


బ్యాక్‌ఆఫీస్_పదేళ్లు:

అలా ఎంచుకోవడానికి వీల్లేదమ్మా, ఒకే ఫోలియోలో, అంటే ఫండ్ కంపెనీ దగ్గర ఒకే ఖాతా నంబర్ కింద ఉంటే ముందు కొన్నవే ముందు పోతాయి. 8 లక్షలు తీస్తే పాత 10,000 యూనిట్లలోంచే దాదాపు 9,091 పోతాయి. యూనిట్‌కి 38 రూపాయల లాభం, అంటే సుమారు 3 లక్షల 45 వేలు, ఏడాది దాటినవి కాబట్టి లాంగ్ టర్మ్. ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల వరకు పన్ను లేదు, ఆ పైన ఉన్న 2 లక్షల 20 వేలకి 12.5 శాతం చొప్పున 27,500 చుట్టూ పడుతుంది, సెస్ అదనం. నాన్నగారికి వేరే ఆదాయం బాగా తక్కువైతే ఇది ఇంకా తగ్గొచ్చు, ఆయన రిటర్న్స్ వేసేవాళ్లకి చూపించండి. పాత యూనిట్లకి ఎగ్జిట్ లోడ్ (తొందరగా తీస్తే వేసే రుసుము) కాలం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, అది స్కీమ్ కాగితాల్లో ఒకసారి సరిచూసుకోండి.

ఆపరేషన్ తేదీ దూరంగా ఉంటే రెండు ఆర్థిక సంవత్సరాల్లో తీయండి, ఇప్పుడు సగం, వచ్చే ఏప్రిల్లో సగం. లక్షా 25 వేలు రెండుసార్లు కలిసొస్తుంది. దగ్గర్లోనే ఉంటే పన్ను గురించి ఆలోచించకండి, తీసేయండి.

తీశాక వచ్చే రిపోర్టులో, లాభంలో ఉన్న పాత యూనిట్లు దాదాపు పోయాయి కాబట్టి, మిగిలినవాటి లాభనష్టం దగ్గర ఎర్ర రంగు కనపడొచ్చు. నాన్నగారు కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి. షీట్‌లో ఒక కొత్త వరుస వేసి, ఆ రోజు తేదీ, 8,00,000 మైనస్ లేకుండా రాసుకోమనండి.